పిల్లవాడి మోకాలి పైన వాపు, రాత్రి నొప్పి: ఎముక గడ్డ అనుమానం వస్తే ఏది ముందు, ఏది తర్వాత

మీరు రాసిన విషయం ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీది డోన్ దగ్గర పల్లె. బాబుకి 14 ఏళ్లు. రెండు నెలల కిందట కబడ్డీ ఆడుతూ పడ్డాడు. అప్పటినుంచి కుడి మోకాలి పైన నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్లు వేశాడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. తర్వాత పసరు కట్టు కట్టించారు. ఇప్పుడు వాపు కనబడుతోంది, రాత్రిళ్లు లేచి ఏడుస్తున్నాడు. కర్నూలులో ఎక్స్‌రే తీయిస్తే తొడ ఎముక కింది భాగంలో లీజన్ ఉంది, పెరియాస్టియల్ రియాక్షన్ ఉంది, ఎంఆర్ఐ చేయించండి అని రాశారు. ఇది క్యాన్సరేనా, పడటం వల్లే వచ్చిందా, ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుందా, కాలు తీసేస్తారా అని అడిగారు.

అమ్మా, నేను ఎముకల డాక్టరుని. చాలా ఏళ్లుగా కర్నూలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లనే చూస్తున్నాను. బాబుని చూడకుండా, ఫిల్మ్ చేత్తో పట్టుకోకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పను. ఎక్స్‌రే ఒక్కదాన్ని చూసి క్యాన్సర్ అని ఎవరూ ముద్ర వేయకూడదు. అలాగని ఎదిగే వయసు నొప్పులేలే అని పక్కన పెట్టే రిపోర్టు కూడా కాదు ఇది. పండగ అయ్యాక చూద్దాం, పరీక్షలు అయ్యాక చూద్దాం అనుకోకండి. ఎంఆర్ఐ ఈ వారమే జరగాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది: ఎంఆర్ఐ కాకముందు ఎవరినీ ఆ వాపులో సూది పెట్టనివ్వకండి, కోయనివ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఈ సమాధానంలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ముందు నొప్పి గురించి. ఆడుకునే పిల్లలకి మోకాళ్లు నొప్పి రావడం మామూలే. దెబ్బ నొప్పి అయితే ఆడితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, రెండు మూడు వారాల్లో దారికొస్తుంది. ఎదిగే వయసు నొప్పులు వేరు. అవి ఎక్కువగా 12 ఏళ్ల లోపు పిల్లల్లో, రెండు కాళ్లలోనూ, సాయంత్రమో రాత్రో వస్తాయి. పిక్కలు పిసికితే హాయిగా ఉంటుంది, తెల్లారి లేచి బడికి పరుగెత్తుతాడు. కుంటడు, వాపుండదు, ఇక్కడే నొప్పి అని వేలు పెట్టి చూపించలేడు. ఎముక లోపల గడ్డ పెరిగే నొప్పి ఈ రెంటిలా ఉండదు. ఒకే కాలు, ఒకే చోటు. మొదట్లో వచ్చిపోతూ ఉంటుంది, అందుకే మాత్రకి తగ్గిందని మోసపోతాం. తర్వాత కూర్చున్నా ఉంటుంది, పడుకున్నా ఉంటుంది. నిద్రలోంచి లేపుతుంది. వారం వారం పెరుగుతుంది కానీ తగ్గదు. ఒక తల్లి వచ్చి, మొదట్లో మాత్ర వేస్తే తెల్లారేదాకా పడుకునేవాడు సార్, ఇప్పుడు రెండు గంటలకే లేస్తున్నాడు అని చెప్పిందంటే, మిగతా పేషెంట్లని కాసేపు ఆపి ఆ పిల్లవాణ్ణి ముందు బల్లమీద పడుకోబెడతాను.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఎముక క్యాన్సర్ ఉన్న పిల్లవాడు తొలి నెలల్లో చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటాడు. అన్నం తింటాడు, జ్వరం ఉండదు, బరువు తగ్గడు. రక్త పరీక్షలు నార్మల్‌గా రావచ్చు. వాటిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎల్‌డీహెచ్ అనే రెండు అంకెలు పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది గాని, అవి నార్మల్‌గా ఉన్నంత మాత్రాన గండం తప్పినట్టు కాదు. రక్తం రిపోర్టులు బాగున్నాయి కదా, ఇంక ఎక్స్‌రే ఎందుకు అని ఆగిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పరీక్షల వరసలో మొదటిది ఎక్స్‌రేనే. కొద్ది ఖర్చుతో, ఏ పట్టణంలోనైనా అయిపోతుంది. పిల్లలకి ఒకే చోట నొప్పి మూడు నాలుగు వారాలు దాటినా, రాత్రి నిద్ర చెడినా, ఎముకని అంటుకుని గట్టి వాపు తగిలినా రెండు వైపుల నుంచీ ఎక్స్‌రే తీయించాల్సిందే. మోకాలి ఎక్స్‌రే బాగుండి కూడా నొప్పి పోకపోతే తుంటి ఎక్స్‌రే తీయించండి. తుంటిలో జబ్బు మోకాలి నొప్పిగా బయటపడటం పిల్లల్లో తరచూ చూస్తాం.

బల్లమీద పడుకోబెట్టాక మేం చేసేది ఇది. రెండు మోకాళ్ల మీద ఒకదాని తర్వాత ఒకటి చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక భాగం ఆనిస్తాం. వేడి తేడా అరచేతికన్నా అక్కడ బాగా తెలుస్తుంది. తర్వాత మోకాలి చిప్ప పై అంచు నుంచి ఒకే దూరంలో రెండు తొడలకీ పెన్నుతో గుర్తు పెట్టి, టేపుతో చుట్టుకొలత తీస్తాం. నొప్పి ఉన్న కాలిని పిల్లవాడు వాడడు కాబట్టి పైన కండ సన్నబడుతుంది, మోకాలికి దగ్గరగా మాత్రం లావుగా ఉంటుంది. వాపుని వేళ్లతో మెల్లగా కదిపితే చర్మం కదులుతుంది, కింద గడ్డ కదలదు. ఎముకకే అతుక్కుని ఉంటుంది. దానిమీద చర్మం నిగనిగలాడుతూ నీలి నరాలు తేలి కనబడితే గడ్డ వేగంగా పెరుగుతోందని అర్థం. ఇదంతా ఐదు నిమిషాల పని. బాబుకి చూపించినప్పుడు రెండు కాళ్లూ విప్పి చూడని డాక్టరు దగ్గర ఆగకండి.

ఇక మీ రిపోర్టులో మాటలు. లీజన్ అంటే ఎముకలో ఒక చోట మామూలుగా లేదు అని మాత్రమే, అందులో మంచిదా చెడ్డదా అన్నది లేదు. ఎక్స్‌రేలో మేం ముందు చూసేది అంచు. మెల్లగా పెరిగే మంచి గడ్డల చుట్టూ ఎముక తనకి తాను తెల్లటి గీత గీసుకుంటుంది, గట్టు వేసిన మడిలాగా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా తెలుస్తుంది. వేగంగా పెరిగేవాటికి ఆ గీత ఉండదు, మచ్చ ఎక్కడ ఆగిందో చెప్పలేం. రెండోది, మీకు రాసిన పెరియాస్టియల్ రియాక్షన్. ఎముక మీద ఒక పల్చటి పొర ఉంటుంది. లోపలి నుంచి ఏదైనా తోసుకొస్తే ఆ పొర పైకి లేచి, దాని కింద కొత్త ఎముక పోస్తుంది. అది మూలలో త్రికోణంగా లేచిందా, సూటిగా బయటికి గీతలు గీతలుగా పోయిందా, పొరలు పొరలుగా పేరుకుందా అన్నదాన్ని బట్టి అనుమానం ఒకటి రెండు జబ్బుల మీదికి పోతుంది. మామూలు చీము పట్టినా, మానుతున్న చిన్న పగులు ఉన్నా కూడా ఆ పొర లేవవచ్చు. అందుకే మీ డాక్టరు పేరు పెట్టకుండా ఎంఆర్ఐ అడిగారు. సరైన పనే చేశారు.

పడటం వల్ల వచ్చిందా? రాలేదు. దెబ్బ తగిలితే ఎముక క్యాన్సర్ పుట్టదు. మరి ప్రతి ఇంట్లోనూ ఒక దెబ్బ కథ ఎందుకుంటుందంటే, ఆ వయసు పిల్లలు రోజూ పడుతూనే ఉంటారు. లోపల ఉన్న గడ్డ ఆ దెబ్బతో నొప్పి మొదలై కంటికి కనబడుతుంది. ఎముక అప్పటికే బలహీనపడి ఉంటే చిన్న దెబ్బకే నొప్పి ఎక్కువ. ఆ రోజు ఆడటానికి పంపకపోయి ఉంటే అని మీరు గాని, తోసిన పిల్లవాణ్ణి వాళ్లింటివాళ్లు గాని అనుకోవలసింది ఏమీ లేదు. తినే తిండి వల్ల కాదు, అంటుకునేది కాదు. ఎక్కువమందిలో వంశంలోంచి వచ్చేది కూడా కాదు.

పసరు కట్టు గురించి గట్టిగానే చెప్పాలి. మన సీమ పల్లెల్లో కాలు బెణికినా విరిగినా ముందు కట్టు దగ్గరికి పోవడం అలవాటు, ఎందుకు పోతారో నాకు తెలుసు: దగ్గర, ఖర్చు తక్కువ, మాట బాగుంటుంది. కానీ ఎముక గడ్డ మీద తైలం పెట్టి గట్టిగా రుద్దడం, కాపడం, బిగించి కట్టడం పూర్తిగా మానాలి. బలహీనపడిన ఎముక అక్కడే విరగవచ్చు. అలా విరిగితే గడ్డలోని కణాలు రక్తంతోపాటు చుట్టూ కండలోకి పోతాయి, తర్వాత కాలు నిలబెట్టడం కష్టమవుతుంది. ఇన్నాళ్లు జరిగింది జరిగింది, ఇవాళ కట్టు విప్పేయండి.

ఏమేం కావచ్చో చెప్తాను. ఎముకలో పుట్టే గడ్డల్లో మంచివే ఎక్కువ. ఆస్టియోకాండ్రోమా అని ఎముక పక్కన గట్టి బుడిపె వస్తుంది, చిన్నప్పటినుంచీ ఉంటుంది, నొప్పి లేకపోతే ముట్టుకోనక్కర్లేదు. ఎదుగుదల ఆగాక కూడా అది పెరుగుతుంటే చూపించాలి. పిల్లల ఎముకల్లో నాన్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా అనేది వేరే దేనికో తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది, చాలావరకు దానంతటదే పూడిపోతుంది. నీటి తిత్తులుంటాయి. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని చిన్న మచ్చ, రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు గాని రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. చిత్రంగా ఇబుప్రొఫెన్ రకం నొప్పి మాత్ర వేస్తే అరగంటలో ఠక్కున తగ్గిపోతుంది. దాన్ని సీటీ చూస్తూ సూదితో వేడి పెట్టి కాల్చేస్తారు, మరుసటి రోజుకి ఇంటికి. రాత్రి నొప్పి ఉందనగానే క్యాన్సర్ అనుకోనక్కర్లేదని దీన్నిబట్టి తెలుసుకోండి.

చెడ్డవాటిలో, మీ బాబు వయసులో ముందు అనుమానించేది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. పదేళ్ల నుంచి ఇరవై మధ్యలో, ఎత్తు గబగబా పెరిగే రోజుల్లో, ఎముక పొడుగు పెరిగే చోటికి దగ్గరగా వస్తుంది. అందుకే తొడ ఎముక కింది చివర, మోకాలి కింద ఎముక పై చివర, భుజం దగ్గర చేతి ఎముక పై చివర దీనికి ఇష్టమైన చోట్లు. చాలా అరుదైన జబ్బు, పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి నలుగురైదుగురికి వస్తుంది. రెండోది యూయింగ్ సార్కోమా, ఇదీ క్యాన్సరే. ఇది ఎముక మధ్యలోనూ, తుంటి చట్రంలోనూ, పక్కటెముకల్లోనూ వస్తుంది. జ్వరం రావచ్చు, వాపు వేడిగా ఉండవచ్చు, రక్త పరీక్షలో ఈఎస్ఆర్ పెరగవచ్చు. చీము పట్టిందనుకుని కోస్తారు, అక్కడే పొరపాటు జరిగిపోతుంది. చీమే అనిపించినా తీసినదాన్ని కొంత కల్చర్‌కీ (ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష), కొంత బయాప్సీకీ (ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) పంపాలి.

టీబీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర ఎముక టీబీ ఎక్కువే కాబట్టి ఎముకలో మచ్చ కనబడగానే, ముక్క పరీక్ష లేకుండానే, టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూద్దాం అనేవాళ్లున్నారు. నాకు ఇది ఏ మాత్రం ఇష్టం లేదు. టీబీ అయితే రెండు వారాలు ఆలస్యమైనా ప్రాణం మీదికి రాదు. సార్కోమా అయితే ఆ రెండు నెలలు ఊపిరితిత్తులకి పాకడానికి చాలు. రుజువు లేకుండా మందులు మొదలుపెడదామంటే, ముక్క పరీక్ష ఎప్పుడు సార్ అని అడగండి.

పెద్దవాళ్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే మీ ప్రశ్న కింద ఇంకొకాయన తన అమ్మగారి నడుము నొప్పి గురించి అడిగారు. 20 నుంచి 40 ఏళ్ల వాళ్లకి మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో ఎముక చివర జెయింట్ సెల్ ట్యూమర్ వస్తుంది. పాశ్చాత్య దేశాల కంటే మన దక్షిణాదిలో ఇది ఎక్కువ. క్యాన్సర్ కాదు గాని ఎముకని తినేస్తుంది, గోకి తీసి సిమెంటు నింపుతారు, తిరిగి వచ్చే గుణం ఉంది కాబట్టి ఏళ్ల తరబడి చూపించుకోవాలి. నలభై యాభై దాటినవాళ్ల ఎముకల్లో కనబడే చెడ్డ గడ్డ చాలావరకు అక్కడ పుట్టింది కాదు, రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రొస్టేట్, థైరాయిడ్, కిడ్నీల నుంచి వచ్చి చేరింది. నడుము నొప్పితోపాటు రక్తం తగ్గిపోతూ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతూ ఉంటే మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) కోసం సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష చేయించాలి. నడుము నొప్పి ఉన్న మనిషికి కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. వెన్నుపాము నొక్కుకుపోతోందని దాని అర్థం, మర్నాటికి ఆగితే కాళ్లు తిరిగి రాకపోవచ్చు.

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లున్నాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో మరీ తెల్లగా, చిక్కగా కనబడతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకి పాకినా ఎముక తెల్లబడుతుంది, కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవచ్చు. వేరే ఊరి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు అని మీరే చెప్పాలి, ఆయనకి తెలిసే అవకాశం లేదు. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర కూడా గట్టిపడిందా అని ఒక ఎక్స్‌రే తీస్తే ఫ్లోరోసిస్ చాలావరకు తేలిపోతుంది. ఫ్లోరైడ్ వల్ల ఎముక క్యాన్సర్ వస్తుందా అని ఇక్కడ చాలామంది భయంగా అడుగుతారు. అలా వస్తుందని నిరూపణ కాలేదు.

ఇప్పుడు వరస. ఎక్స్‌రే అయింది. తర్వాత ఎంఆర్ఐ, అది కూడా మోకాలికి మాత్రమే కాదు, తుంటి నుంచి మోకాలి దాకా తొడ ఎముక మొత్తానికి. అదే ఎముకలో పైన ఇంకో చిన్న మచ్చ వేరుగా ఉండవచ్చు, దాన్ని వదిలేసి ఆపరేషన్ చేస్తే లాభం లేదు. స్కానింగ్ సెంటర్లో మోకాలి ఎంఆర్ఐ అని బిల్లు వేస్తుంటే మొత్తం తొడ ఎముకకి అని చీటీ మీద డాక్టరుతో రాయించుకుపోండి. ఆ తర్వాత ఛాతీకి సీటీ స్కాన్. ఎముక క్యాన్సర్ పాకితే ముందు పోయేది ఊపిరితిత్తులకే, చిన్న మచ్చలు మామూలు ఛాతీ ఎక్స్‌రేలో దొరకవు. ఒళ్లంతా చూసే బోన్ స్కాన్ గాని పెట్ సీటీ గాని కొన్నిచోట్ల చేస్తారు. ఇవన్నీ అయ్యాకే బయాప్సీ.

ముక్క తీస్తే పాకుతుందా అన్న భయం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. చుట్టాల్లో ఎవరికో బయాప్సీ చేశారు, ఆ తర్వాత జబ్బు ముదిరింది, సూది పెట్టడం వల్లే అనుకున్నారు. సరిగ్గా చేసిన బయాప్సీతో జబ్బు ఒళ్లంతా పాకదు. అది లేకుండా వైద్యమే మొదలుకాదు, ఎందుకంటే ఆస్టియోసార్కోమాకి ఒక మందు, యూయింగ్‌కి ఒక మందు, చీముకి ఇంకో మందు. అయితే తప్పుగా చేసిన బయాప్సీ నిజంగానే నష్టం చేస్తుంది. సూది లోపలికి పోయిన దారి పొడవునా గడ్డ కణాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి, తర్వాత పెద్ద ఆపరేషన్‌లో ఆ దారిని చర్మంతో సహా గడ్డతో కలిపి తీసేయాలి. అంటే సూది పెట్టే మనిషికి రేపు ఆపరేషన్ కోత ఎక్కడ పడుతుందో తెలిసి ఉండాలి. కాలికి అడ్డంగా కోసినా, రక్తనాళాల పక్కనుంచి పోయినా, మోకీలు లోపలినుంచి పోయినా, ఆ చోటంతా తీసేయాల్సి వస్తుంది. నిలబెట్టగలిగిన కాలు ఒక్కోసారి అందువల్లే పోతుంది. కాబట్టి బయాప్సీ చేసే ఆసుపత్రి, ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఒకటే అయి ఉండాలి. చిన్న నర్సింగ్ హోములో ఇవాళే చేసేస్తాం అంటే ఖర్చు తక్కువని ఒప్పుకోకండి. లావుపాటి ప్రత్యేక సూదితో, మత్తు ఇచ్చి చేస్తారు, చాలాసార్లు అదే సరిపోతుంది. రిపోర్టుకి వారం పది రోజులు పడుతుంది. వచ్చాక తీసిన ముక్కని భద్రపరిచిన మైనపు దిమ్మలు, గాజు స్లైడ్లు అడిగి తీసుకుని దాచిపెట్టుకోండి. ఇంకోచోట రెండో అభిప్రాయం కావాలంటే మళ్లీ కోయకుండా వాటినే చూస్తారు.

కాలు తీసేస్తారా అన్నది మీరు చివర్లో అడిగారు గాని మీ మనసులో మొదటిది అదేనని తెలుసు. ఆస్టియోసార్కోమా అనే తేలిందనుకుందాం. 1970లకు ముందు కాలు తీసేయడమే వైద్యం, అయినా అయిదుగురిలో నలుగురు బతికేవాళ్లు కాదు, ఎందుకంటే అప్పటికే కంటికి కనబడనంతగా ఊపిరితిత్తుల్లో ఉండేది. కీమోథెరపీ (కీమో), అంటే క్యాన్సర్ కణాల్ని చంపే మందులు, వచ్చాక లెక్క తిరగబడింది. ఇప్పుడు పాకకముందే పట్టుకుని పూర్తి వైద్యం చేయించిన పిల్లల్లో పది మందిలో ఆరేడుగురు ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. అనుభవం ఉన్న కేంద్రాల్లో ఎక్కువమందికి కాలు నిలుస్తుంది. ముందు రెండున్నర మూడు నెలలు కీమో, తర్వాత ఆపరేషన్, తర్వాత మళ్లీ కీమో, అంతా కలిపి ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఆపరేషన్‌లో జబ్బు పట్టిన ఎముక ముక్కని చుట్టూ కాస్త మంచి కండతో కలిపి తీసేసి, ఆ ఖాళీలో లోహపు కీలు పెడతారు. ఎదిగే పిల్లలకి పొడుగు పెంచుకోగలిగే కీళ్లు కూడా ఉన్నాయి, ఖరీదెక్కువ. కొన్నిచోట్ల తీసిన ఎముకనే బయట రేడియేషన్ ఇచ్చి, కణాలు చనిపోయాక తిరిగి అక్కడే పెట్టి బిగిస్తారు. మన దేశంలో ఇది ఖర్చు తగ్గించే మంచి పద్ధతి. తీసిన ముక్కని పరీక్షించి కీమోకి 90 శాతం పైన చచ్చిపోయిందా అని చూస్తారు, అలా ఉంటే మంచి సూచన.

నరాలు, రక్తనాళాలు గడ్డలో కలిసిపోయి ఉంటే కాలు తీసేయడమే సరైన పని అవుతుంది. అప్పుడు డాక్టరు చేతకాక అలా చెప్పాడని అనుకోకండి. బలవంతాన కాలు నిలిపి గడ్డ మిగిల్చితే పిల్లవాడు దక్కడు. మంచి కృత్రిమ కాలు, అది జైపూర్ కాలు అయినా, పెట్టుకుని సైకిలు తొక్కే పిల్లలు, డిగ్రీలు చదివి ఉద్యోగాలు చేసేవాళ్లు నాకు తెలుసు.

కీమో గురించి ఎవరూ ముందుగా చెప్పని కొన్ని సంగతులు. డాక్సోరూబిసిన్ అనే మందుకి ముందు గుండె ఎకో, సిస్‌ప్లాటిన్‌కి ముందు వినికిడి పరీక్ష చేయించాలి. మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తంలో మందు స్థాయి రోజూ కొలవగలిగే ఆసుపత్రి కావాలి. అది వీలుకాని చోట్ల దాన్ని వదిలి ఐఫాస్ఫమైడ్ వాడే పద్ధతి మన దేశంలో ఉంది, కాబట్టి పక్క పేషెంటుకి వేరే మందు ఇచ్చారని కంగారు పడకండి. మగపిల్లల వీర్యం కీమోకి ముందే భద్రపరచవచ్చు, 14 ఏళ్ల వయసుకి చాలామందికి సాధ్యమే. అడగడానికి సిగ్గుపడతారు, అడగండి. కీమో నడిచే నెలల్లో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి. ఊళ్లో ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టకూడదు.

మధ్యలో వైద్యం ఆపేయడం గురించి నాకు నిజంగా బాధ. రెండు సైకిళ్లు, అంటే రెండు విడతల కీమో, అయ్యేసరికి నొప్పి పోతుంది, వాపు తగ్గుతుంది. అప్పటికే అప్పులు పెరిగి ఉంటాయి, వేరుశనక్కాయ పీకే రోజులొస్తాయి, లేదంటే కుటుంబం సుగ్గికి గుంటూరు మిరప చేలకి పోవాలి. బాగయ్యాడు కదా అని ఆపేస్తారు. నొప్పి పోవడం మందు పనిచేస్తోందనడానికి గుర్తే గాని జబ్బు పోయినట్టు కాదు. ఆపితే కొద్ది నెలల్లో తిరగబెడుతుంది, ఈసారి ఊపిరితిత్తుల్లో. ఆ తొమ్మిది నెలలు ఇంట్లో ఎవరు పనికి పోవాలి, ఎవరు బాబుతో ఉండాలి అన్నది మొదటి సైకిల్‌కి ముందే అన్నదమ్ములు, మేనమామలు కూర్చుని తేల్చుకోవాలి.

ఎక్కడికి పోవాలి అంటారా. మీకు దగ్గర కర్నూలు పెద్దాసుపత్రి, అక్కడ ఎముకల విభాగానికి ముందు పోండి. కర్నూలులోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. ఇలాంటి ఆపరేషన్లు తరచూ చేసేవాళ్ల దగ్గరికి పంపమని సూటిగా అడగండి. హైదరాబాదులో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. అనంతపురం వైపు వాళ్లకి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర, కడప వైపు వాళ్లకి తిరుపతి స్విమ్స్, అక్కడే టాటా ట్రస్టుల సాయంతో వచ్చిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి, ఇంకా వెల్లూరు సీఎంసీ. వెళ్లిన చోట ఎముక సార్కోమా ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు, కీమో డాక్టరు, ఆపరేషన్ డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని కేసు మాట్లాడతారా అని అడగండి. మంచి ఆసుపత్రిలో ఈ ప్రశ్నకి ఎవరూ కోపం తెచ్చుకోరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. పొరుగు రాష్ట్రంలోని ఆసుపత్రి అయితే అక్కడ మన పథకం చెల్లుతుందో లేదో బయలుదేరకముందే 104కి ఫోన్ చేసి కనుక్కోండి. రేషన్ కార్డు, అందరి ఆధార్, బాబు స్టడీ సర్టిఫికెట్ జెరాక్సులు ఒక కవర్లో పెట్టుకోండి. ఎక్స్‌రే ఫిల్మ్‌లు మడత పెట్టకండి, ఎంఆర్ఐ సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి. ఉత్త రిపోర్టు కాగితంతో పోతే మళ్లీ స్కాన్ చేయించమంటారు.

అప్పటిదాకా బాబుని ఆ కాలు మీద బరువు వేయనివ్వకండి. చంక కర్రలు కర్నూలులో ఏ సర్జికల్ షాపులోనైనా దొరుకుతాయి, ఎత్తు సరిచూసి తీసుకోండి. కబడ్డీ, సైకిలు, మెట్లు వద్దు. బాత్రూముకి పోయేటప్పుడు ఒకరు పక్కన ఉండాలి. రాత్రి నొప్పికి పారాసిటమాల్ బరువుకి తగ్గ మోతాదులో ఇవ్వండి, ఏడుస్తుంటే ఓర్చుకోమనకండి. నొప్పి పళ్ల బిగువున భరించాల్సిన పని లేదు, దానికి తగ్గకపోతే ఇంకా బలమైన మందులున్నాయి, డాక్టరుని అడగండి.

బాబుకి ఏం చెప్పాలి అని మీరు అడగలేదు గాని చెప్తాను. వాడికి 14 ఏళ్లు, ఫోన్‌లో వెతుక్కుంటాడు, మీరు గుమ్మం అవతల గుసగుసలాడితే వింటాడు. నీ ఎముకలో ఒక గడ్డ ఉంది, అదేంటో కనుక్కోవడానికి స్కాన్ చేయిస్తున్నాం, తెలిసింది తెలిసినట్టు నీకు చెప్తాం అని ఇవాళే చెప్పండి. పడినందుకు ఇలా అయిందని వాడు తనను తాను తిట్టుకుంటూ ఉండవచ్చు, నీ తప్పు కాదు నాన్నా అని తప్పక చెప్పండి.

ఎంఆర్ఐ రిపోర్టు రాగానే పేరు, ఆసుపత్రి నంబరు కనబడకుండా చేసి ఇక్కడ పెట్టండి. ముక్క తీయడానికి తేదీ ఇచ్చారంటే ఏ ఆసుపత్రిలో, ఎవరు ఆపరేషన్ చేస్తామన్నారో కూడా రాయండి. తేదీకి ముందే చదివి జవాబిస్తాను.